శరీరంలోని ఊటను మనమే పూడ్చుకోవద్దు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ఉపన్యాసం)



నన్ను చదువు గురించి మాట్లాడమంటే కష్టం లేదు, ఇరవయ్యేళ్లుగా చేస్తున్న పని అదే. ఈసారి మన కార్యదర్శిగారు ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. బీపీ గురించి, షుగరు గురించి చెప్పడానికి డాక్టర్లు ఉన్నారు. వాటిని గురించి అడగడానికి మనకు సిగ్గు కూడా లేదు. అందువల్ల నేను మనం సిగ్గుపడి దాచే విషయాన్నే ఎంచుకున్నాను. మగపిల్లవాడు మగవాడుగా, ఆడపిల్ల స్త్రీగా ఎదగడానికి కారణమైన హార్మోన్లు మన ఒంట్లో ఎట్లా పుడతాయి, వాటిని ఎట్లా కాపాడుకోవాలి, మనమే ఎట్లా పాడుచేసుకుంటున్నాము అనేదే ఈనాటి విషయం.

నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం పంతులును. తరగతిలో ఈ పాఠం వచ్చేసరికి పిల్లలంతా తల వంచుకుంటారు. కొన్నిచోట్ల పంతులు కూడా "ఇది ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేస్తాడు. ఇంట్లో ఎవరు చెబుతారు? అబ్బాజాన్ చెప్పడు, అమ్మీ చెప్పదు. చివరకు బస్టాండు గోడ చెబుతుంది. ఆ గోడ మీద ఏమి రాసి ఉంటుందో మీకందరికీ తెలుసు.

ముందు నాలుగు మాటలు సైన్సు చెబుతాను. మన ఒంట్లో కొన్ని గ్రంథులు ఉన్నాయి. ఉర్దూలో గుదూద్ అంటాము. అవి తయారుచేసే రసాయనాలు నేరుగా రక్తంలో కలిసి, దూరాన ఉన్న అవయవాలకు హుకుం తీసుకొని పోతాయి. అవే హార్మోన్లు. మగవాళ్లలో వృషణాలు టెస్టోస్టిరోన్‌ను, ఆడవాళ్లలో అండాశయాలు ఈస్ట్రోజెన్‌ను, ప్రొజెస్టరోన్‌ను తయారుచేస్తాయి. ఆడవాళ్లలో కొంచెం టెస్టోస్టిరోన్, మగవాళ్లలో కొంచెం ఈస్ట్రోజెన్ కూడా ఉంటాయి. అది జబ్బు కాదు, అవసరం. ఆరోగ్యంగా ఉన్న మగవాడి శరీరం రోజంతా కష్టపడి చేసే టెస్టోస్టిరోన్ సుమారు 5 నుంచి 7 మిల్లీగ్రాములు. అంటే రెండు మూడు ఆవగింజల బరువు. ఇంత సూక్ష్మమైన లెక్కను శరీరం తనంతట తానే చూసుకుంటుంది.

ఎట్లా చూసుకుంటుంది? మన కె.సి. కాలువనే తీసుకోండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు కాలువలోకి వస్తాయి. తూము దగ్గర లస్కరు ఉంటాడు. కింద పొలాలకు నీళ్లు చాలలేదని కబురొస్తే తలుపు ఎత్తుతాడు. నిండుగా పారుతున్నాయంటే తలుపు దించుతాడు. మన తలలో పీయూష గ్రంథి అట్లాంటి లస్కరు. దాని పైన హైపోథలామస్ అనే పై అధికారి ఉన్నాడు. రక్తంలో హార్మోను తగ్గితే వాళ్లిద్దరూ కలిసి వృషణాలకు, అండాశయాలకు 'చెయ్యి' అని కబురు పంపుతారు. పెరిగితే 'చాలు' అంటారు. ఈ లస్కరు కథను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దానితో పని పడుతుంది.

మొదట ఆడవాళ్ల సంగతి. ఎందుకంటే మన రాష్ట్రంలో అసలు నష్టం అక్కడే ఎక్కువ జరుగుతున్నది.

కేంద్ర ప్రభుత్వం చేయించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మొదటిసారి ఒక ప్రశ్న వివరంగా అడిగింది: "మీకు గర్భసంచి తీసేశారా?" 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అవునన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9 మంది. దేశంలోకెల్లా ఎక్కువ. రెండో స్థానం తెలంగాణది, నూటికి 7.7. తర్వాత 2019-21 సర్వేలోనూ మన లెక్క నూటికి 8.7 దగ్గరే నిలిచింది. మన ఆడవాళ్లకే దేశంలో లేని జబ్బులు వచ్చాయా? రాలేదు. మనకు భయం ఎక్కువ పెట్టారు, మనం ఎక్కువ నమ్మాము.

ఆ మాటలు ఎట్లా ఉంటాయో ఈ పరదా అవతల ఉన్న తల్లులకు నేను చెప్పక్కర్లేదు. తెల్లబట్ట అవుతోందని, ముట్టు ఎక్కువ పోతోందని, నడుము నొప్పి అని పోతారు. "పిల్లలు పుట్టేసినారు గదమ్మా, ఇంక సంచి ఎందుకు? అది పుండై ఉండాది, వదిలేస్తే కాన్సరు అవుతుంది" అంటారు. కాన్సరు అనే మాట వినగానే ఇంట్లోవాళ్లకు చేతులు కాళ్లు ఆడవు. గాజులు తాకట్టు పెడతారు. రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోతుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో ముప్పై రెండేళ్ల తల్లికి ఇట్లాగే చేశారు. సంచితోపాటు రెండు అండాశయాలూ తీశారని ఆమెకు రెండేళ్ల తర్వాత, ఇంకొక డాక్టరు స్కానింగ్ చూసి చెబితే తెలిసింది. ఈలోపల ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్ర లేకపోవడం, కీళ్ల నొప్పులు. ఇంట్లోవాళ్లు "నీకు ఎప్పుడూ ఏదో ఒక నొప్పే" అని విసుక్కున్నారు. ఆమెది సాకు కాదు. యాభై ఏళ్లకు దగ్గర పడినాక మెల్లగా ఆగాల్సిన ఊటను ముప్పై రెండో ఏట ఒక్క పూటలో పూడ్చేశారు.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు అనే సంగతి చాలామందికి తెలియదు. బిడ్డ పెరిగేది సంచిలో. హార్మోన్లు పుట్టేది దాని పక్కనున్న అండాశయాల్లో. ఆ ఈస్ట్రోజెన్ ముట్టు కోసం మాత్రమే కాదు. ఎముకలను గట్టిగా ఉంచేదీ, గుండె రక్తనాళాలకు రక్షణ ఇచ్చేదీ అదే. నలభై అయిదేళ్లకు ముందే అండాశయాలు తీసేసి, బదులు హార్మోను మందు ఇవ్వకపోతే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు రావడం ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. సంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా, చాలామందిలో అవి కొన్ని ఏళ్లు ముందుగానే అలసిపోతాయి. మన పెద్దలు ఊరికే అన్నారా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని.

హైదరాబాదు వైద్యులు డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, అవసరం లేని ఈ ఆపరేషన్ల గురించి రాసి, చెప్పి లోకానికి తెలియజేశారు. డాక్టర్ నరేంద్ర గుప్తా అనే వైద్యుడు వేరే రాష్ట్రాల్లోని ఇట్లాంటి ఉదంతాల మీదనే సుప్రీంకోర్టుకు పోయాడు. 2023 ఏప్రిల్‌లో కోర్టు తీర్పు చెప్పింది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం చేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది. అంటే ఇది నా ఒక్కడి మాట కాదు, దేశంలోని పెద్ద కోర్టు మాట.

ఆపరేషనే తప్పు అని నేను అనడం లేదు. నిజంగా కాన్సరు ఉంటే, కాన్పులో రక్తం ఆగకపోతే, ఏ మందుకూ లొంగని గడ్డలు ఉంటే ఆ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. నేను చెప్పేది సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగమని. ఒకటి, జబ్బు పేరేమిటి, కాగితం మీద రాసిస్తారా? రెండు, స్కానింగులో, ముక్క పరీక్షలో ఏమి తేలింది? మూడు, మాత్రలతోనో, సంచిలో పెట్టే హార్మోను లూప్‌తోనో, గడ్డను మాత్రమే తీసేసో బాగుచేయలేరా? నాలుగు, అండాశయాలను ఉంచుతారా, తీస్తారా, తీస్తే ఎందుకు? ఈ జవాబులు తీసుకొని కర్నూలు పెద్దాసుపత్రిలో ఇంకొక డాక్టరుకు చూపించండి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం కాకపోతే నాలుగు రోజులు ఆగినందువల్ల కొంప మునగదు.

ఇప్పటికే ఆపరేషన్ అయినవాళ్లు దిగులుపడవద్దు. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకు, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్టు ఆగే వయసు వచ్చేదాకా హార్మోను మందు ఇస్తారు. ఆపరేషన్ కాగితాలు పట్టుకొని స్త్రీల డాక్టరును కలవండి. నడక, పాలు, రాగులు, ఎండ పొడ కూడా ఎముకలకు తోడు.

ఇక పెళ్లికాని ఆడపిల్లల సంగతి. రెండు మూడు నెలలు ముట్టు రాకపోవడం, గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, బరువు పెరగడం. దీనిని పి.సి.ఓ.ఎస్. అంటారు. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. తల్లి ఏమంటుంది? "బయట చెప్పొద్దు, సంబంధాలు చెడిపోతాయి" అంటుంది. "పెళ్లైతే అదే సర్దుకుంటుంది" అని కూడా అంటుంది. పెళ్లికీ దానికీ ఏమీ సంబంధం లేదు. ఇందులో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందువల్ల రక్తంలో ఇన్సులిన్ పెరిగి, అది అండాశయాలను రెచ్చగొట్టి టెస్టోస్టిరోన్‌ను ఎక్కువ చేయిస్తుంది. బరువు ఎక్కువ ఉన్న పిల్ల తన బరువులో నూటికి అయిదు నుంచి పది వంతులు తగ్గినా చాలాసార్లు ముట్టు దారిలో పడుతుంది. డెబ్బై కిలోల పిల్లకు అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. అంతే. దాన్ని దాచితే ముందు ముందు షుగరుగా బయటపడుతుంది.

పెళ్లై ఏడాది దాటినా పిల్లలు లేకపోతే మన ఇళ్లలో మొదట కోడలినే నిలబెడతారు. లెక్క ప్రకారం పిల్లలు లేని జంటల్లో దాదాపు సగంమందిలో మగవాడి వైపున కూడా కారణం ఉంటుంది. మగవాడికి చేయాల్సిన మొదటి పరీక్ష చాలా సులువు, ఖర్చు తక్కువ, నొప్పి లేనిది. అయినా కోడలికి అన్ని పరీక్షలూ అయ్యి, దర్గాలన్నీ తిరిగి, విడాకుల మాట వచ్చినాక గాని అబ్బాయి ఆ సీసా చేతికి తీసుకోడు. ఇది అన్యాయం. ఇద్దరూ ఒకేరోజు పోవాలి.

ఇప్పుడు మగవాళ్ల వంతు, బస్టాండు గోడ దగ్గరికి పోదాము. 'కమ్‌జోరీకి గ్యారంటీ ఇలాజ్' అని రాసి ఉంటుంది. ఇట్లాంటి ప్రకటనలు 1954 నుంచీ చట్టవిరుద్ధం. మగతనం పెంచుతామనీ, ముట్టు దోషాలు పోగొడతామనీ మందులకు ప్రకటనలు ఇవ్వరాదని ఆ ఏటి చట్టం చెబుతుంది. ఆ చట్టం మీద కేసు వేస్తే 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు కొన్ని ముక్కలు కొట్టేసి, అసలు ఉద్దేశాన్ని నిలబెట్టింది. అయినా సున్నం కొట్టిన ప్రతి గోడా వాళ్లదే. మన సిగ్గే వాళ్ల దుకాణానికి పెట్టుబడి.

ఆ పొడుల్లో ఏముంటుందో కూడా వినండి. మూలికలే అని అమ్మిన ఇట్లాంటి మందుల్లో సిల్డెనాఫిల్ అనే ఇంగ్లీషు మందు కలిపి ఉన్నట్టు పరీక్షల్లో ఎన్నోసార్లు దొరికింది. గుండె నొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాడు తెలియక ఆ పొడి తింటే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఇంకొక మాట. నలభై దాటిన మగవాడికి పడకలో ఇబ్బంది వచ్చిందంటే చాలాసార్లు అది హార్మోను లోపం కాదు. షుగరో, రక్తనాళాలు పూడుకోవడమో, గుండె జబ్బో ముందుగా పంపిన కబురు. పొడి తిని ఆ కబురును చించేసినవాడు అసలు జబ్బును చేజేతులా పెంచుకుంటాడు.

కోస్తా జిల్లాల్లో గాడిద మాంసం తింటే బలం, మగతనం వస్తాయని నమ్మి కొంటున్నారని 2021లో పత్రికలు రాశాయి. మన దేశపు ఆహార చట్టం ప్రకారం గాడిద తినే జంతువుల జాబితాలోనే లేదు. మనకు ఎటూ హరామే. ఏ మాంసమైనా కడుపులోకి పోయినాక మాంసకృత్తులుగా అరగవలసిందే. ఆ జంతువు బలం మనకు బదిలీ కాదు.

ఇక జిమ్ముకు పోయే యువకులారా, లస్కరును మరచిపోలేదు గదా? కండలు రావాలని కొందరు టెస్టోస్టిరోన్, స్టిరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారు. బయటినుంచి ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి కాలువలో పోస్తే లస్కరు ఏం చేస్తాడు? నీళ్లు నిండుగా ఉన్నాయని తూము దించేస్తాడు. అట్లాగే పీయూష గ్రంథి కబురు ఆపేస్తుంది, వృషణాలు పని మానుకొని చిన్నవైపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. ఇది ఎంత నిజమంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఇంజెక్షన్‌నే మగవాళ్లకు సంతాన నిరోధకంగా ప్రయోగించి చూసింది. వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే ఆరు నెలల్లోపల సగానికి పైగా మగవాళ్లలో వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయని 1990లో ప్రకటించింది. మగతనం కోసమని వేయించుకునేది పిల్లలు పుట్టకుండా చేసే మందు! మానేసినాక చాలామందికి తిరిగి వస్తుంది గాని నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. నిజమైన లోపం ఉన్నవాడికి డాక్టరు ఇచ్చే వైద్యం వేరే సంగతి.

మరి ఈ ఊట నిండుగా ఉండాలంటే ఏమి చేయాలి? వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో చెప్పిన వైద్యమే మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరున ఉన్న యునానీ కళాశాలలోనూ మొదటి పాఠంగా చెబుతారు. మనిషి ఆరోగ్యానికి తప్పనిసరి కారణాలు ఆరు, అస్బాబె సిత్తా జరూరియా. గాలి, తిండి తాగుడు, ఒంటి కదలిక విశ్రాంతి, మనసు కదలిక విశ్రాంతి, నిద్ర మెలకువ, ఒంట్లో ఉంచుకోవలసింది ఉంచుకోవడం పోవలసింది పోవడం. వీటిలో ఒక్కదానినీ సీసాలో పోసి అమ్మలేరు.

నిద్ర మాటే చూడండి. టెస్టోస్టిరోన్ ఎక్కువగా పుట్టేది నిద్రలో. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వారు 2011లో పదిమంది ఆరోగ్యవంతులైన యువకులను ఒక వారంపాటు రోజుకు అయిదు గంటలే పడుకోనిచ్చారు. వాళ్ల పగటి టెస్టోస్టిరోన్ నూటికి 10 నుంచి 15 వంతులు తగ్గింది. వయసు వల్ల అయితే ఏడాదికి నూటికి ఒక వంతు ప్రకారం తగ్గుతుంది. అంటే పదేళ్ల ముసలితనం ఒక్క వారంలో వచ్చింది! రాత్రి రెండింటిదాకా సెల్లు చూసే పిల్లల తల్లిదండ్రులు ఈ లెక్క ఇంట్లో చెప్పాలి.

తర్వాత పొట్ట. కొవ్వులో ఒక ఎంజైము ఉంది. అది మగవాడి టెస్టోస్టిరోన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. పొట్ట పెరిగేకొద్దీ ఈ మార్పిడి పెరుగుతుంది. లస్కరు అది చూసి తూము ఇంకొంచెం దించుతాడు. పొట్ట తగ్గించినవాడికి మందు లేకుండానే హార్మోను పెరుగుతుంది. సారాయి, గుట్కా, సిగరెట్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తిండి గురించి ఒక నిజమైన కథ. బిహారులో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ ఇరాన్‌లోని షీరాజ్‌లో పనిచేస్తూ ఉండగా ఒక ఇరవై ఒక్క ఏళ్ల పల్లెటూరి యువకుడు ఆసుపత్రికి వచ్చాడు. చూడడానికి పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. మీసం లేదు, ఎదుగుదల లేదు. తినేది ఉత్త రొట్టె, పైగా మట్టి. మాంసం, పప్పు దాదాపు లేవు. ఆ చుట్టుపక్కల అట్లాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. 1961లో ఆయన దాని గురించి రాశాడు, తర్వాత ఈజిప్టులో పరిశోధించి, అది జింకు అనే ఖనిజం లోపం అని 1963లో తేల్చాడు. జింకు ఇస్తే వాళ్లు ఎదిగారు, యవ్వనం వచ్చింది. మనకు పాఠం ఏమంటే, ఉత్త అన్నం, ఉత్త రొట్టె చాలదు. జొన్నరొట్టెకు పప్పు, చెనిక్కాయలు, నువ్వులు, గుడ్డు, వారానికి ఒకసారైనా మాంసమో చేపో తోడు కావాలి. మన సీమ వంటింట్లో ఉన్నవే ఇవి. లోపం లేనివాడు జింకు మాత్రలు మింగితే మాత్రం కొత్తగా వచ్చేది ఏమీ లేదు.

పిల్లల తల్లిదండ్రులకు కొన్ని గుర్తులు. మగబిడ్డ పుట్టినప్పుడు రెండు వృషణాలూ సంచిలోకి దిగాయో లేదో చూడండి. ఆరు నెలలకు కూడా దిగకపోతే డాక్టరుకు చూపించండి. ఏడాది, ఏడాదిన్నర లోపల ఆపరేషన్ అయిపోవాలి. ఆడపిల్లకు ఎనిమిదేళ్ల ముందే, మగపిల్లవాడికి తొమ్మిదేళ్ల ముందే యవ్వన లక్షణాలు వచ్చినా, ఆడపిల్లకు పదమూడేళ్లకు, మగపిల్లవాడికి పద్నాలుగేళ్లకు ఏ లక్షణమూ కనిపించకపోయినా, పదిహేనేళ్లకు ఆడపిల్ల పుష్పవతి కాకపోయినా చూపించాలి. నలభై ఏళ్లకు ముందే ముట్టు ఆగిన స్త్రీ కూడా అంతే. మగవాళ్లు టెస్టోస్టిరోన్ పరీక్ష చేయించుకోవాలంటే పొద్దున్నే, పరగడుపున చేయించుకోవాలి. సాయంత్రానికి అది సహజంగానే తగ్గుతుంది. ఒక్క పరీక్ష తక్కువ వచ్చిందని మందు మొదలుపెట్టకూడదు, ఇంకొక పొద్దున మళ్లీ చూడాలి.

పెద్దలారా, మన సంఘం పిల్లల ఫీజులకు, బీదల పెళ్లిళ్లకు సాయం చేస్తున్నది. సంతోషం. ఇంకొక చిన్న పని తలకెత్తుకోమని మనవి చేస్తున్నాను. మన పేటలో ఏ చెల్లెలికైనా గర్భసంచి తీయాలని చెబితే, సంతకం పెట్టే ముందు ఆమె కాగితాలు తీసుకొని ఆమెతోపాటు పెద్దాసుపత్రికి పోయి రెండో మాట అడిగి రావడానికి నలుగురు చదువుకున్న అక్కయ్యలు కావాలి. ఖర్చు ఆటో కిరాయి మాత్రమే. ఇందుకు పేరు ఇచ్చేవాళ్లు సభ ముగిసేలోగా కార్యదర్శిగారి దగ్గర రాయించండి. మొదటి పేరు మా ఇంటి నుంచే ఇస్తున్నాను; మా ఇల్లాలు ఒప్పుకున్నారు.